ఏ క్లాస్ తీసుకోవాలి? కొత్త క్యాంపెయిన్‌కు ముందు తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ జవాబులు ముఖ్యంగా డంజియన్స్ అండ్ డ్రాగన్స్ (డీ అండ్ డీ) ఐదో ఎడిషన్ ఆడబోయేవాళ్ళ కోసం. ఇది టేబుల్ చుట్టూ కూర్చుని, ఒక్కొక్కరూ ఒక క్యారెక్టర్‌గా, పాచికలు వేస్తూ కలిసి కథ నడిపే ఆట. అలా చాలా రోజులు సాగే ఒక కథే క్యాంపెయిన్. 2014లో వచ్చిన రూల్స్‌కూ, 2024లో సవరించిన రూల్స్‌కూ తేడా ఉన్నచోట విడిగా చెప్పాను. వేరే ఆటలు ఆడేవాళ్ళ కోసం చివర్లో ఒక ప్రశ్న ఉంది.

క్లాస్ అంటే సరిగ్గా ఏమిటి?

మీ క్యారెక్టర్ చిక్కులను ఎలా ఎదుర్కొంటుందో చెప్పేదే క్లాస్. కత్తి దూసి ఎదురెళ్తుందా, చీకట్లో నక్కి వెనక నుంచి పొడుస్తుందా, మంత్రం చదువుతుందా, తియ్యటి మాటలతో కాపలావాడిని బుట్టలో వేసుకుంటుందా? ఎన్ని హిట్ పాయింట్లు (ఎంత దెబ్బ తట్టుకోగలదన్న లెక్క), ఏ కవచం, ఏ ఆయుధం, లెవెల్ పెరిగితే ఏమొస్తుంది అన్నవన్నీ క్లాస్‌ను బట్టే ఉంటాయి. ఎల్ఫ్, డ్వార్ఫ్ లాంటివి పుట్టుకతో వచ్చేవి. క్లాస్ నేర్చుకున్న విద్య.

1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ ఈ ఆటను తెచ్చినప్పుడు మూడే క్లాసులు: ఫైటింగ్ మ్యాన్, మ్యాజిక్ యూజర్, క్లెరిక్. దొంగ పాత్ర మరుసటి ఏడాది అనుబంధంలో వచ్చింది. ఇప్పుడు ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో 12 ఉన్నాయి: బార్బేరియన్, బార్డ్, క్లెరిక్, డ్రూయిడ్, ఫైటర్, మాంక్, పాలడిన్, రేంజర్, రోగ్, సోర్సరర్, వార్లాక్, విజార్డ్. ఆర్టిఫిసర్ వేరే పుస్తకంలో ఉంటుంది కాబట్టి అది కావాలంటే డీఎంను (డంజియన్ మాస్టర్, అంటే ఆట నడిపేవాళ్ళను) ముందే అడగాలి.

పుస్తకం కొనకుండా రూల్స్ చూడొచ్చా?

చూడొచ్చు. ఐదో ఎడిషన్ మూల రూల్స్‌ను 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద ఉచితంగా ఇచ్చేశారు. అందులో 12 క్లాసులూ ఉన్నాయి, ఒక్కో క్లాస్‌కు ఒక్కో సబ్‌క్లాస్ (క్లాస్‌లోని ఒక ప్రత్యేక శాఖ) చొప్పున. మొదటి క్యారెక్టర్‌కు అది సరిపోతుంది.

అన్నిటికంటే పవర్‌ఫుల్ క్లాస్ ఏది?

పై లెవెల్స్‌లో విజార్డ్‌కు సాటి రాగల క్లాసులు తక్కువ. 17వ లెవెల్‌లో విష్ లాంటి స్పెల్ (మంత్రం) చేతికొస్తుంది, దాంతో కథనే మలుపు తిప్పొచ్చు. కానీ అంతదూరం వెళ్ళే క్యాంపెయిన్లు అరుదు. చాలా ఆటలు మొదటి కొన్ని లెవెల్స్‌లోనే నడుస్తాయి. అక్కడ అదే విజార్డ్ ఎంత సున్నితమో చూడండి. కాన్‌స్టిట్యూషన్ (శరీర దృఢత్వం) 14 ఉన్న ఫైటర్‌కు మొదటి లెవెల్‌లో 12 హిట్ పాయింట్లు. అదే 14 ఉన్న విజార్డ్‌కు 8. గోబ్లిన్ కత్తి దెబ్బ సగటున 5 తీసేస్తుంది. రెండు దెబ్బలు తిని ఫైటర్ ఇంకా నిలబడే ఉంటుంది, విజార్డ్ మాత్రం నేల మీద ఉంటుంది.

నెట్‌లో కనిపించే ర్యాంకింగ్ పట్టికలను నేను పెద్దగా నమ్మను. అవి ఎక్కువగా దెబ్బ ఎంత పడుతుందన్న లెక్క చూస్తాయి. మీ డీఎం సాయంత్రమంతా రాజసభలో చర్చలు నడిపిస్తే ఆ లెక్క దేనికీ పనికిరాదు.

మరి నాకు ఏది నప్పుతుందో ఎలా తేల్చుకోవాలి?

అడిగిన ప్రతివాళ్ళకూ నేను చెప్పేది ఒక్కటే. ఆ క్లాస్ ఎప్పుడో ఒకసారి చేసే గొప్ప పనిని చూసి ఎంచుకోవద్దు, మామూలు వంతులో ఏం చేస్తుందో చూసి ఎంచుకోండి. ఫైర్‌బాల్ (నిప్పు బంతి పేల్చే స్పెల్) అంటే అందరికీ మోజే. కానీ విజార్డ్‌కు అది ఐదో లెవెల్‌లో వస్తుంది. వచ్చాక కూడా రోజుకు రెండు మూడుసార్లే. మిగతా వంతులన్నీ మామూలువే. వాటిని ఆస్వాదించగలిగితే ఆ క్లాస్ మీదే.

ఒక వంతును దగ్గరగా చూద్దాం. మొదటి లెవెల్, ఇరుకు దారి, ఎదురుగా గోబ్లిన్లు. పార్టీలోని, అంటే మీ జట్టులోని, ఫైటర్ ఒక గోబ్లిన్ మీదికి దూకింది. ఇప్పుడు మీ వంతు.

మీరు రోగ్ అనుకోండి. డెక్స్‌టెరిటీ (చురుకుదనం) 16 కాబట్టి +3, ప్రొఫిషియెన్సీ (నేర్చుకున్న పనికి కలిసే అదనం) +2, కొట్టడానికి వేసే పాచికకు మొత్తం +5. గోబ్లిన్ ఆర్మర్ క్లాస్, అంటే దెబ్బ తగలాలంటే చేరాల్సిన సంఖ్య, 15. అంటే 20 ముఖాల పాచిక మీద 10 గానీ అంతకంటే ఎక్కువ గానీ పడాలి, అవకాశం 55 శాతం. కనబడకుండా స్తంభం చాటున ఉండి కొడితే అడ్వాంటేజ్ వస్తుంది: రెండు పాచికలు వేసి పెద్దది తీసుకోవచ్చు. అప్పుడు అవకాశం దాదాపు 80 శాతం. తగిలితే షార్ట్‌స్వర్డ్ డీ6 (ఆరు ముఖాల పాచిక), దానికి 3 కలిపి, పైన స్నీక్ అటాక్ (అదను చూసి కొట్టే రోగ్ దెబ్బ) ఇంకో డీ6. సగటున 10. దాక్కునే చోటు లేకపోయినా, ఆ గోబ్లిన్‌కు ఐదడుగుల లోపు మీవాళ్ళు ఎవరైనా ఉంటే చాలు, స్నీక్ అటాక్ పడుతుంది. అందుకే ఫైటర్ దూకిన గోబ్లిన్‌నే మీరూ ఎంచుకుంటారు. రోగ్ ఆటంతా ఇదే: ఎక్కడ నిలబడాలి, ఎవరి పక్కన చేరాలి, ఎటు జారుకోవాలి.

అదే చోట విజార్డ్ అయితే మ్యాజిక్ మిసైల్ వదలొచ్చు. మూడు బాణాలు, ఒక్కొక్కటి డీ4కు 1 కలిపి, తగులుతాయా లేదా అని పాచిక వేయక్కర్లేదు. సగటున 10.5. దాదాపు రోగ్ లెక్కే. కాకపోతే మొదటి లెవెల్ విజార్డ్‌కు ఉన్నవి రెండే స్పెల్ స్లాట్లు (మ్యాజిక్ మిసైల్ లాంటి స్పెల్ వేసిన ప్రతిసారీ ఒకటి ఖర్చవుతుంది). కాసేపు విశ్రాంతి దొరికితే ఆర్కేన్ రికవరీతో ఇంకొకటి తిరిగొస్తుంది. ఇప్పుడే వాడేస్తే తలుపు వెనక ఇంకేదైనా ఉంటే? దాచుకుని, స్లాట్ ఖర్చు లేని ఫైర్ బోల్ట్ వేస్తే అది తగలకపోవచ్చు. విజార్డ్ ఆటంతా ఈ లెక్కే: ఖర్చు పెట్టాలా, దాచుకోవాలా?

ఈ రెండు టెన్షన్లలో మీకు ఏది ఇష్టమో అదే మీ జవాబు. మిగతా క్లాసులకూ ఇదే పరీక్ష పెట్టండి. క్లాస్ వివరాల్లో మొదటి ఐదు లెవెల్స్ మాత్రమే చదివి, ఒక మామూలు వంతు ఊహించుకోండి.

ఇదే నా మొదటి ఆట. తేలికైన క్లాస్ ఏది?

ఫైటర్, బార్బేరియన్, రోగ్. మూడూ మొదటి రోజు నుంచే అర్థమవుతాయి, షీట్ మీద గుర్తుపెట్టుకోవలసినవి తక్కువ. మూడింట్లో బార్బేరియన్ మరీ సూటి. రేజ్ (ఆవేశం) మొదలుపెట్టండి, ముందుకు వెళ్ళండి, కొట్టండి. రేజ్‌లో ఉన్నంతసేపు మామూలు ఆయుధాల దెబ్బ మీకు సగమే తగులుతుంది. మొదటి లెవెల్‌లో రేజ్ రెండుసార్లే ఉంటుంది కాబట్టి ఎప్పుడు వాడాలన్నది ఒక్కటే మీ నిర్ణయం.

అలాగని మంత్రాలు వాడాలని మనసులో ఉంటే కొత్తవాళ్ళమని వెనక్కి తగ్గకండి. ఇష్టం లేని తేలిక క్లాస్ కంటే ఇష్టమైన కష్టం క్లాస్ మేలు. ఇష్టం ఉంటే రూల్స్ వాటంతటవే తలకెక్కుతాయి. ఒక్క జాగ్రత్త చాలు: మీ దగ్గరున్న స్పెల్స్ ఒక్కొక్కటీ ఒక కాగితం మీద రాసుకోండి. ఎంత దూరం, ఎంతసేపు, ఎదుటివాళ్ళు ఏ సేవ్ (తప్పించుకునే పాచిక) వేయాలి, కాన్సంట్రేషన్ (స్పెల్ నిలవడానికి దాని మీదే ధ్యాస పెట్టడం) కావాలా అన్నవి రాసుకుంటే మీ వంతులో పుస్తకం తిరగేయక్కర్లేదు.

ఫైటర్ బోర్ కొట్టదా?

కత్తి తిప్పడం తప్ప వేరే పని లేదనుకుంటే కొడుతుంది. రెండో లెవెల్‌లో యాక్షన్ సర్జ్ వస్తుంది. ఒకే వంతులో మరో యాక్షన్, అంటే ఇంకో ప్రధానమైన పని. దాన్ని ఎప్పుడు వాడాలో తెలిసిన ఫైటర్‌ను చూస్తే బోర్ అన్న మాట ఎవరూ అనరు. 2024 రూల్స్‌లో వెపన్ మాస్టరీ చేరింది కాబట్టి ఏ ఆయుధం పట్టుకున్నారన్నది కూడా ఇప్పుడు ముఖ్యమే: ఒకటి శత్రువును పడగొడుతుంది, ఇంకొకటి వెనక్కి తోస్తుంది.

మ్యాజిక్ వాడే క్లాసులన్నీ ఒకలాగే కనిపిస్తున్నాయి. తేడా ఏమిటి?

తేడా స్పెల్స్‌లో కంటే వాటిని ఎలా తెచ్చుకుంటారు, ఎలా ఖర్చు పెడతారు అన్నదాంట్లో ఎక్కువ.

విజార్డ్ చదువుకున్న మనిషి. మొదటి లెవెల్‌లో స్పెల్‌బుక్‌లో ఆరు స్పెల్స్ ఉంటాయి, దారిలో దొరికినవీ అందులోకి ఎక్కించుకోవచ్చు. ప్రతి రాత్రి విశ్రాంతి తర్వాత రేపటికి ఏవి కావాలో మార్చుకోవచ్చు. ముందుచూపు, ప్లానింగ్ ఇష్టమైనవాళ్ళకు ఇంతకంటే మంచి క్లాస్ లేదు. సోర్సరర్‌కు ఆ వెసులుబాటు లేదు. తెలిసిన స్పెల్స్ తక్కువ, తోచినప్పుడల్లా మార్చుకోలేరు. బదులుగా మెటామ్యాజిక్‌తో ఉన్నవాటినే వంచగలరు. సటిల్ స్పెల్ తీసుకుంటే మాట పలక్కుండా, చెయ్యి కదపకుండా నిండు సభలో మంత్రం వేయొచ్చు. ఆ ఒక్కదాని కోసమే సోర్సరర్ తీసుకునేవాళ్ళు ఉన్నారు. నాకు అది సబబుగానే తోస్తుంది.

వార్లాక్‌ది వేరే దారి. రెండో లెవెల్ నుంచి పదో లెవెల్ దాకా రెండే స్లాట్లు. కానీ అవి గంటసేపు షార్ట్ రెస్ట్ తీసుకుంటే తిరిగొస్తాయి, పైగా ఎప్పుడూ మీకు అందుబాటులో ఉన్న పెద్ద స్పెల్ లెవెల్‌వే (స్పెల్స్‌కూ సొంత లెవెల్స్ ఉంటాయి, క్యారెక్టర్ లెవెల్ వేరు). ఇక్కడ డీఎంను ఒక మాట అడగాలి: రోజులో షార్ట్ రెస్ట్‌లు ఎన్ని దొరుకుతాయి? ఒక్కటి కూడా దొరకని ఆటలో వార్లాక్ స్లాట్ అక్కర్లేని ఎల్‌డ్రిచ్ బ్లాస్ట్ వేస్తూ కూర్చోవలసి వస్తుంది.

క్లెరిక్, డ్రూయిడ్ తమ జాబితా మొత్తంలోంచి రోజూ కావలసినవి ఎంచుకోగలరు. క్లెరిక్ కవచం వేసుకుని ముందు వరుసలో నిలబడగలదు. డ్రూయిడ్ రెండో లెవెల్ నుంచి జంతువుగా మారగలదు. బార్డ్ తన పాచికను స్నేహితుడి చేతిలో పెడుతుంది: ఇన్‌స్పిరేషన్ డీ6, ఓడిపోబోయే ప్రయత్నానికి కలుపుకోవచ్చు. పక్కవాళ్ళ గెలుపు చూసి సంతోషపడే స్వభావం మీదైతే బార్డ్ చూడండి. పాలడిన్, రేంజర్ సగం యోధులు, సగం మాంత్రికులు. స్పెల్స్ నెమ్మదిగా పెరుగుతాయి, మొదట్లో ఆయుధమే ఆధారం.

అందరికీ వర్తించే రూల్ ఒకటి ఉంది: కాన్సంట్రేషన్ కావలసిన స్పెల్స్ ఒకేసారి రెండు నడపలేరు. దెబ్బ తగిలినప్పుడల్లా కాన్‌స్టిట్యూషన్ సేవ్ వేయాలి. దాటాల్సింది 10, లేదా తగిలిన దెబ్బలో సగం, ఏది ఎక్కువైతే అది. కొత్తవాళ్ళు ఇది చూసుకోకుండా తీసుకున్న స్పెల్స్‌లో ముప్పాతిక కాన్సంట్రేషన్‌వే ఉంటాయి, అన్నీ ఒకదానికొకటి అడ్డం.

పార్టీలో హీలర్ లేరు, నన్నే క్లెరిక్ తీసుకోమంటున్నారు. తప్పదా?

తప్పుతుంది. మొహమాటానికి తీసుకున్న క్లాస్‌తో నెలల తరబడి కూర్చోవడం ఎవరికీ మంచిది కాదు. మీకూ కాదు, మీ పక్కవాళ్ళకూ కాదు.

ముందు హీలింగ్ ఎలా పనిచేస్తుందో చూడాలి. మొదటి లెవెల్స్‌లో హీలింగ్ స్పెల్ తిరిగిచ్చేదాని కంటే పెద్ద శత్రువు కొట్టే దెబ్బ ఎక్కువ. ఆగర్ (భారీ రాక్షసుడు) గద దెబ్బ సగటున 13. దానికి తగ్గట్టు ప్రతి వంతులోనూ హీల్ చేస్తూ పోతే స్లాట్లు అయిపోతాయి, ఆగర్ మాత్రం అలాగే ఉంటుంది. పడిపోయినవాళ్ళను లేపడంలోనే హీలింగ్ అసలు విలువ. ఫైటర్ సున్నాకు పడింది, డెత్ సేవ్స్‌లో (ప్రాణం నిలుస్తుందా అని వేసే పాచికల్లో) రెండుసార్లు ఓడింది, మూడోది ఓడితే పోయినట్టే. అప్పుడు 60 అడుగుల దూరం నుంచి ఎవరైనా హీలింగ్ వర్డ్ స్పెల్ వేస్తే చాలు, నాలుగైదు పాయింట్లతోనైనా లేచి నిలబడి తన వంతు తాను ఆడుతుంది. పైగా అది బోనస్ యాక్షన్ (వంతులో అదనంగా చేసే చిన్న పని), అదే వంతులో ఇంకో పని చేసుకోవచ్చు. టేబుల్ దగ్గర అందరూ ఊపిరి బిగబట్టే క్షణం అది. దాన్ని నడిపించే అవకాశం దొరకడం చిన్న విషయం కాదు.

ఆ హీలింగ్ వర్డ్ బార్డ్‌కూ, డ్రూయిడ్‌కూ ఉంది. పాలడిన్ లే ఆన్ హ్యాండ్స్ (చేత్తో తాకి నయం చేసే శక్తి)తో లెవెల్‌కు ఐదు పాయింట్ల చొప్పున పంచగలదు. రేంజర్‌కు క్యూర్ వూండ్స్ ఉంది. ఎవరూ లేకపోతే హీలర్స్ కిట్ ఉంది: పదిసార్లు వాడొచ్చు, పడిపోయినవాళ్ళు చనిపోకుండా ఆపుతుంది. హీలింగ్ పోషన్ 2డీ4కు 2 కలిపి తిరిగిస్తుంది. షార్ట్ రెస్ట్‌లో ఎవరి హిట్ డైస్ (కోలుకోవడానికి ఉండే పాచికలు)తో వాళ్ళు కోలుకోవచ్చు. కాబట్టి "మనకు క్లెరిక్ లేదు" అన్న మాటను "పడిపోయినవాళ్ళను ఎవరు లేపుతారు?" అన్న ప్రశ్నగా మార్చి అందరి ముందూ పెట్టండి. జవాబు ఇద్దరు ముగ్గురి మధ్య పంచుకుంటే సరిపోతుంది.

ఇంతా చెప్పాక, క్లెరిక్ అంటే బ్యాండేజీ కట్టే పని అనుకోకండి. స్పిరిట్ గార్డియన్స్ (చుట్టూ తిరుగుతూ శత్రువులను కొట్టే ఆత్మల స్పెల్) వచ్చిన ఐదో లెవెల్ క్లెరిక్ శత్రువుల మధ్యలోకి నడిచి వెళ్తే మిగతావాళ్ళంతా చూస్తూ ఉండిపోతారు.

ఇద్దరం ఒకే క్లాస్ తీసుకోవచ్చా?

నిక్షేపంగా. మూడో లెవెల్‌కల్లా సబ్‌క్లాసులు వస్తాయి కాబట్టి దారులు వేరవుతాయి. (2024 రూల్స్‌లో అన్ని క్లాసులకూ మూడో లెవెల్‌లోనే. 2014లో కొన్నిటికి ముందే.) ఇద్దరికీ ఒకే నైపుణ్యం ఉండి ప్రతి తాళం దగ్గరా ఇద్దరూ ముందుకొస్తేనే ఇబ్బంది. స్కిల్స్ పంచుకుంటే అది కూడా పోతుంది.

నేను పెద్దగా మాట్లాడే మనిషిని కాదు. బార్డ్, పాలడిన్ లాంటివి నాకు కుదరవా?

ఈ ప్రశ్న అడిగేవాళ్ళంటే నాకు ప్రత్యేకమైన అభిమానం. తప్పకుండా కుదురుతాయి. ఛరిష్మా (ఆకట్టుకునే గుణం) ఉండాల్సింది మీ క్యారెక్టర్‌కు. ఫైటర్ ఆడేవాళ్ళను నిజంగా బరువులెత్తి చూపించమని ఎవరూ అడగరు కదా. "నా బార్డ్ ఆ సైనికుడి పెళ్ళాం పిల్లల గురించి అడుగుతుంది, మెల్లగా గేటు సంగతి ఎత్తుతుంది" అని మీరు చెబితే చాలు, పర్సుయేషన్‌కు (ఒప్పించే నైపుణ్యానికి) పాచిక వేయొచ్చు. డైలాగులు చెప్పితీరాలని రూల్ ఏమీ లేదు. ఆ మాట ముందే డీఎంతో అనుకోండి. మంచి డీఎం ఏం చెప్పాలనుకుంటున్నారో వింటారు, ఎంత బాగా చెప్పారో కొలవరు.

ఎబిలిటీ స్కోర్లు ఎలా పెట్టాలి?

స్టాండర్డ్ అరే, అంటే ఆరు ఎబిలిటీలకు పంచుకునే సిద్ధమైన అంకెలు: 15, 14, 13, 12, 10, 8. అన్నిటికంటే పెద్దది మీ క్లాస్ ప్రధాన ఎబిలిటీకి ఇవ్వండి: విజార్డ్‌కు ఇంటెలిజెన్స్, క్లెరిక్, డ్రూయిడ్‌లకు విజ్‌డమ్, బార్డ్, సోర్సరర్, వార్లాక్‌లకు ఛరిష్మా, రోగ్‌కు డెక్స్‌టెరిటీ. తర్వాతది చాలామందికి కాన్‌స్టిట్యూషన్. మాంక్, పాలడిన్ లాంటివాటికి రెండు మూడు ఎబిలిటీలు బాగుండాలి, అందుకే వాటికి పంపకం కాస్త కష్టం. 8 ఎక్కడ పెట్టాలన్నది సరదాగా ఆలోచించండి. క్యారెక్టర్ గుణం చాలాసార్లు ఆ 8లోంచే పుడుతుంది.

క్యారెక్టర్ కథ ముందు అనుకోవాలా, క్లాస్ ముందా?

ఏదైనా సరే. ఒకటే మాట: కథ రెండు మూడు వాక్యాలకు మించకుండా మొదలుపెట్టండి. ఎవరికి బాకీ ఉన్నారు, దేనికి భయపడతారు, ఈ ప్రయాణానికి ఎందుకు వచ్చారు. పది పేజీల గతం రాసుకొస్తే ఆటలో జరగాల్సింది కాగితం మీదే అయిపోతుంది.

మల్టీక్లాస్ చేయనా?

మల్టీక్లాస్ అంటే ఒకే క్యారెక్టర్ లెవెల్స్‌ను రెండు క్లాసుల మధ్య పంచడం. మొదటి క్యాంపెయిన్‌లో వద్దు. రెండు క్లాసుల ప్రధాన ఎబిలిటీలూ 13 ఉండాలన్న షరతు సంగతి అటుంచితే, అసలు నష్టం వాయిదా. యోధులకు ఎక్స్‌ట్రా అటాక్ (ఒకే వంతులో రెండో దెబ్బ), మాంత్రికులకు మూడో లెవెల్ స్పెల్స్ క్యారెక్టర్ ఐదో లెవెల్‌లో వస్తాయి. మధ్యలో పక్కకు వెళ్తే మిగతావాళ్ళు అక్కడికి చేరినప్పుడు మీరు వెనకబడతారు.

నాలుగు వారాలు ఆడాక క్లాస్ నచ్చకపోతే?

చెప్పేయండి. సెషన్ జీరోలోనే, అంటే ఆట మొదలయ్యే ముందు అందరూ కలిసి మాట్లాడుకునే రోజునే, "మూడో లెవెల్ దాకా ఎవరైనా మార్చుకోవచ్చు" అని ఒప్పందం పెట్టుకుంటే ఎవరికీ సంకోచం ఉండదు. పేరు, కథ అలాగే ఉంచి క్లాస్ ఒక్కటే మార్చినా ఆటకు ఏమీ కాదు. నోరు మెదపకుండా విసుగ్గా ఆడితేనే టేబుల్ మొత్తానికి నష్టం.

మేం ఆడేది డీ అండ్ డీ కాదు. ఇవన్నీ వర్తిస్తాయా?

పాత్‌ఫైండర్‌కు చాలావరకు వర్తిస్తాయి. అక్కడా క్లాసులే, కాకపోతే ప్రతి లెవెల్‌లో ఎంచుకోవలసినవి ఎక్కువ, ఓపిగ్గా చదవడం ఇష్టమైనవాళ్ళకు పండగ. 1981లో వచ్చిన కాల్ ఆఫ్ కథుల్హులో క్లాసులు లేవు. డాక్టర్, జర్నలిస్ట్ లాంటి వృత్తి ఎంచుకుని స్కిల్స్‌కు శాతాలు పంచుకుంటారు. అక్కడ పోట్లాటలో బలం కంటే లైబ్రరీలో వెతకడం, మనుషుల అబద్ధం పట్టుకోవడం ఎక్కువసార్లు ప్రాణం కాపాడతాయి. గర్ప్స్ అనే ఆటలో వృత్తి కూడా ముందే కట్టిపెట్టి ఉండదు, పాయింట్లతో మొత్తం మీరే కట్టుకోవాలి. అలాంటి ఆటల్లో క్లాస్ పేరుకు బదులు "నా వంతు వస్తే ఎక్కువగా ఏం చేయాలనుకుంటున్నాను?" అన్నది ఒక వాక్యంలో రాసి ఆట నడిపేవాళ్ళకు చూపించండి. పాయింట్లు ఎక్కడ పెట్టాలో వాళ్ళే చెబుతారు.